అబ్బులుగారి హస్తవాసి

అబ్బులుగారి హస్తవాసి గురించి మా సామర్లకోటలో ఎవరినడిగినా గంటసేపు చెప్పేవారు. పశువుల ఆసుపత్రుల్లో అటెండరుగా ముప్పయ్యారేళ్లు చేసి రిటైరయ్యారాయన. డాక్టరు కాదు, కంపౌండరు కూడా కాదు. అయినా గేదె ఈనలేకపోయినా, మేకపిల్ల పాలు తాగకపోయినా జనం ముందు ఆయన గుమ్మంలోనే నిలబడేవారు. ఇక గజ్జికైతే తిరుగులేదు. కొబ్బరి పీచుతో పొక్కులు రాల్చి, గంధకం నూరి కలిపిన కొబ్బరినూనె పట్టించి, ఎండలో కట్టేస్తే పది రోజుల్లో కొత్త బొచ్చు మొలిచేది. దిక్కులేని వీధికుక్కలకి కూడా చేసేవారు. ఆ సంగతి గుర్తొస్తే ఆయన మీద కోపం నిలవదు నాకు.

పోయిన వేసవిలో స్టేషను రోడ్డులో ఆయనకో కుక్క దొరికింది. తాడైనా కట్టకుండా నడిపించుకొచ్చారు. పక్కింటిదాన్ని, నేనూ వెళ్లి చూశాను. నెత్తిమీద నాలుగు పోచలు తప్ప ఒంటిమీద వెంట్రుకన్నది లేదు. బూడిదరంగు తోలు, మెడ దగ్గర ముడతలు, నిక్కబొడుచుకున్న పెద్ద చెవులు. చూడగానే ముక్కు మూసుకున్నాను గానీ, నిజానికి దాని దగ్గర వాసనే లేదు. నన్ను చూసి మొరగలేదు. అబ్బులుగారి కాళ్ల వెనక్కి నక్కి, అక్కణ్ణుంచి తొంగిచూసింది. గంట క్రితం ఎదురైన మనిషిని అప్పుడే తనవాణ్ణి చేసేసుకుంది.

"ఇంత ముదిరిన గజ్జి నా సర్వీసులో చూళ్లేదమ్మా" అన్నారాయన. దాని పొట్ట మీద చెయ్యి వేసి, "ఒళ్లు కాలిపోతోంది. జ్వరం కూడా తగిలినట్టుంది" అన్నారు. నోరు తెరిచి చూసి, "పళ్లు కూడా సగం లేవు, పాపం" అన్నారు.

ఆయన భార్య సత్యవాణిగారు వాకిట్లో చేపలు తోముతూ తలెత్తారు. "గోక్కోవట్లేదు కదండీ! గజ్జయితే క్షణం ఊరుకుంటుందా?"

"సర్వీసు చేసింది నువ్వా, నేనా?"

ఆవిడ మళ్లీ చేపల మీదకి వంగారు. నా చేతిలో ఫోనుంది. ఒక ఫోటో తీసి వెతికితే నిమిషంలో తెలిసిపోయేది. అసహ్యం వేసి తియ్యలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మూడు రోజులు వైద్యం నడిచింది. పీచుతో రుద్దుతుంటే కుక్క కాళ్లు వణికేవి గాని, కదిలేది కాదు. ఇంకో కుక్కయితే చెయ్యి పీకేసేది. ఇది రుద్దడం అయ్యాక ఆయన మణికట్టు నాకేది. తర్వాత నూనె ఒంటితో రోహిణి కార్తె ఎండలో కట్టేసేవారు. మూడోనాటికి వీపంతా బొబ్బలెక్కింది.

"చూశారా, లోపలి గజ్జి బయటికి తన్నుకొస్తోంది. మందు పట్టింది" అన్నారు నాతో, సంతోషంగా.

నాలుగోరోజు కారొచ్చింది. కాకినాడ శశిభూషణ్‌గారట. కుటుంబంతో అన్నవరం వెళ్తూ టిఫినుకి ఆగితే కుక్క తప్పిపోయిందట. ఆ పెద్దమనిషి కొండెక్కి, వ్రతం చేయించుకుని, ప్రసాదం తిని, ఇంటికెళ్లాక తీరిగ్గా వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. అది చూసి ఎవరో అబ్బులుగారిల్లు చెప్పారు.

"ఏం చేశారండీ దీన్ని!" అని కేకపెట్టాడు. "ఇది 'షోలో' అనే జాతండి, మెక్సికోది. పుట్టుకతోనే బొచ్చుండదు. ఒళ్లు అలా వేడిగానే ఉంటుంది, పళ్లూ తక్కువే. బయటికి తీసుకెళ్తే ఎండ తగలకుండా క్రీము రాస్తాం మేము!"

అబ్బులుగారు చేతులు పంచెకి తుడుచుకున్నారు. ఎంతసేపైనా తుడుచుకుంటూనే ఉన్నారు.

శశిభూషణ్ పేరు పెట్టి పిలిస్తే కుక్క వెళ్లలేదు. ఒళ్లు కాల్చిన మనిషి కాళ్ల వెనకే దాక్కుంది. పోలీసు కేసు పెడతాడేమో అని నేను భయపడ్డాను. పెట్టినా బాగుండేది. అతను వంగి దాని వీపు చూసి, పెదవి విరిచాడు. "ఈ మచ్చలు పోవండి. ఇంక డాగ్ షోలకి పనికిరాదు. మీరే ఉంచేసుకోండి" అనేసి కారెక్కాడు.

పశువుల ఆసుపత్రి డాక్టరుగారి మందులతో కుక్క బతికింది. వీపు మాత్రం అట్టకట్టి, అక్కడక్కడ తెల్లబడి ఉండిపోయింది. ఊళ్లో ఎవరూ అబ్బులుగారిని ఒక్క మాట అనలేదు. "తెలియక చేశారు, పోనిద్దురూ" అని ఇప్పటికీ మేకల్ని తోలుకొస్తారు. "ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంటారాయన. అంతకుమించి మాట్లాడరు.

మొన్న అరుగు మీద కూర్చుని ఉంటే పలకరించాను. "ఒక్కసారి కరిచినా బాగుండునమ్మా" అన్నారు. అంతలో కుక్క లోపల్నుంచి వచ్చి, ఆ వీపుని ఆయన మోకాళ్లకి ఆనించి, చెయ్యి వేయించుకోడానికి నిలబడింది. ఆయన రెండు చేతులూ చంకల్లో దూర్చేసుకున్నారు. అది అలాగే నిలబడి ఉంది.