సత్తయ్య మామ ఇనుప గర్డర్

తడి టేకు పొట్టు వాసన గుర్తుందా, లింబాయత్ వాడ దోస్తులారా? మా బాపు సామిల్లులో ఆ పొట్టు కుప్పల మీద దొర్లి, ఒళ్లంతా గోక్కుంటూ ఇళ్లకు పోయేవాళ్లం కదా!

చిన్న చెక్కలకు బాపు అడుగుల లెక్కన కోత ధర చెప్పేవాడు. పెద్ద దూలానికైతే కొనేవాళ్లతో కలప డిపోకు పోయి ముందు మొద్దు చూడాల్సిందే. దాని చివర నీళ్లు చల్లి, పగుళ్లు వెతికి, నచ్చితే సుత్తితో నెలవంక ముద్ర కొట్టేవాడు. ఆ ఎంపికకు పైసా తీసుకునేవాడు కాదు. కోత ఎలాగూ తనకే వస్తుందని నమ్మకం.

బాపు ప్రాణ స్నేహితుడు సత్తయ్య మామ తన మగ్గాల షెడ్డు కోసం అలాగే ఒక మొద్దు ఎంపిక చేయించుకున్నాడు. కోత ధర విన్నాడు. కొన్నాళ్లకు వచ్చి, "దూలం వద్దు బావా, ఇనుప గర్డర్ ఏస్తున్న" అన్నాడు.

"మంచిదే, చెదలు పట్టయ్" అన్నాడు బాపు.

నిన్న తలుపు చెక్క కోసం కడోదరాలో పాత కలప దుకాణానికి వెళ్లాను. అక్కడ పొడవాటి టేకు దూలం ఉంది. సత్తయ్య మామ షెడ్డు కూలగొడితే వచ్చిందని దుకాణదారు చెప్పాడు. దాని చివర నెలవంక! ఎంపిక మా బాపుది. కోత మాత్రం మామ ఇంకెక్కడో చవగ్గా చేయించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి మామ మా వరండాలో బాపుతో చాయ్ తాగుతున్నాడు.

"కడోదరాల ఏం దొరికింది బిడ్డా?" అన్నాడు మామ.

"నీ ఇనుప గర్డర్ దొరికింది మామా."

మామ ఖాళీ గ్లాసునే మళ్లీ నోటికి పెట్టుకున్నాడు.