తుంటి మీద వేసిన చెయ్యి

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో మావాళ్లు నన్ను పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. కాన్పు తర్వాత పట్టుకున్న తుంటి నొప్పి నన్ను వదల్లేదు. కదిలితే ఎముక అరుగుతుందని భయపడి నెలల తరబడి మంచం మీదనే గడిపాను. ఇక నడవలేనేమోనని బెంగగా ఉండేది.

పక్కన కూర్చున్న బురఖా ఆమెతో ఆ మాటే అన్నాను.

"గట్ల పండుకుంటే మంచం అరుగుతది గాని నొప్పి పోదు చెల్లె," అని నవ్వింది. "నాకు సుత గిట్లనే అయితే మా అత్త గోడ పట్టిచ్చి నడిపిచ్చింది. జెర లెవ్వు."

లేచి తూలాను. పడకుండా ఆమె నా తుంటి మీద చెయ్యి వేసింది. ఇంటి డబ్బంతా నా రొండిన సంచిలో ఉంది.

"చెయ్యి తియ్యి," అని సంచి గట్టిగా పట్టుకున్నాను.

ఆమెకు అర్థమైంది. కోప్పడలేదు. వెనక్కి జరిగి, చేతులు రెండూ నాకు కనబడేట్టు పెట్టుకుంది.

"బెంచీ పట్టుకో. నన్ను జూసి చెయ్యి."

దూరం నుంచే కాలు ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపి చూపించింది.

"నొప్పి జాస్తయితే ఆపు. రేపు మల్ల షురూ చెయ్యి. తక్లీఫ్ అని పండుకోకు."

రైలు రాగానే మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. అప్పటిదాకా నేను సంచి వదల్లేదు.

రోజూ చేశాను. ఆ ఏడాదే నీళ్ల బిందెతో మెట్లెక్కాను. మొన్న మనవరాలికి కాన్పయ్యాక అదే నొప్పి వస్తే, దాని తుంటి పట్టుకుని నిలబెట్టి నేర్పాను. ఆ బురఖా ఆమెను మాత్రం నాకు అలా నేర్పనివ్వలేదు.