ఆంజనేయస్వామి సందులో మూడో ఇల్లు

అమెరికాలోని చాండ్లర్‌లో ముప్ఫయ్యేళ్లుగా ఉంటున్నా పద్మినికి అక్కడి వీధుల పేర్లు నోటికి రావు. అంతకుముందు జపాన్‌లోని క్యోటోలో ఉన్న రెండేళ్లూ అంతే. ఎనభైల్లో భర్త యోగానంద్‌ను చిప్‌ల కంపెనీ అక్కడికి పంపితే, హిగాషియామా అనే పాతపేటలో చిన్న చెక్క ఇంట్లో కాపురం పెట్టారు. జపాన్ పేర్లకు నోరు తిరగక అన్నింటికీ ఆవిడే నామకరణం చేసేసింది. కియోమిజు ఆలయం కొండగుడి అయింది, యసాకా పగోడా అయిదంతస్తుల గోపురమైంది. సందు మొదట్లో ఎర్రగుడ్డ కట్టిన రాతిబొమ్మను చూసి హనుమంతుడే అనుకుని మంగళవారం మంగళవారం ప్రదక్షిణలు కూడా చేసింది, మహాతల్లి! ఆయన పసిపిల్లల్ని కాచే జిజో అనే దేవుడని తెలిసేసరికి ఏడాది గడిచింది. తెలిశాకయినా మానిందా? అబ్బే! కొడుకు శ్రీరామ్ ఆ ఇంట్లో ఉండగానే పుట్టాడు.

ఇప్పుడు శ్రీరామ్ కూతురు దియ కాలేజీ ట్రిప్‌లో అక్కడికి వెళ్లింది. యోగానంద్‌కు రెండేళ్లుగా చూపు ఆనడం లేదు. "మనిల్లు ఉందో లేదో చూసి చెప్పు పద్దూ, అదొక్కటే నాక్కావాల్సింది" అని వారంరోజులుగా ఆవిడ ప్రాణం తీస్తున్నాడు.

చాండ్లర్‌లో సాయంత్రమైంది. క్యోటోలో మర్నాటి పొద్దున. దియ వీడియో కాల్ చేసింది.

"నానమ్మా, పగోడా దగ్గరున్నా. నెక్స్ట్ ఎటు?"

"కిందికి దిగి ఆంజనేయస్వామి సందులోకి తిరుగు."

"ఆంజనేయస్వామా? మ్యాప్‌లో లేదు!"

"మ్యాప్‌లో ఎందుకుంటాడే, పిచ్చిమొహమా! మూలమీద ఎర్రగుడ్డ కట్టుకుని ఉంటాడు, చూడు."

కాసేపటికి దియ కేకేసింది. "ఓ మై గాడ్, ఉన్నాడు!"

"అక్కణ్ణుంచి మూడో ఇల్లే!" పక్కనున్న యోగానంద్ కుర్చీ అంచుకు జరిగాడు.

దియ ఫోన్ తిప్పి చూపించింది. మూడో ఇంటి చోట తెల్లగీతలు గీసిన పార్కింగ్ లాట్, అందులో రెండు కార్లు. పద్మిని చంటి శ్రీరామ్‌కు నీళ్లు పోసిన చోటు అది.

"ఉందా?" అన్నాడు యోగానంద్.

"తాతయ్యా, ఇక్కడ..."

"నువ్వుండవే!" పద్మిని కసిరింది. ఇన్నేళ్లలో ఆయనకు ఒక్క అబద్ధమూ చెప్పి ఎరగదు. "ఉందండీ. అలాగే ఉంది."

"కిటికీలు తెరిచున్నాయా?"

"తెరిచే ఉన్నాయి. ఎవరో పరుపు ఎండేశారు."

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే మనుషులున్నారన్నమాట! దియా, బెల్ కొట్టమ్మా, పలకరిద్దాం!"

దియ నానమ్మ వంక చూసింది.

"వద్దండీ" అంది పద్మిని. "పసిబిడ్డ ఉన్న ఇల్లు. ఇప్పుడే నిద్రపోయినట్టున్నాడు."