ఫొటో కింద రాసిన మాట

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది నలభై రెండో ఏట. భాష మీద ప్రేమతో నేర్చుకున్నానని ధర్మపురిలో ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు. నేను సరిదిద్దలేదు. మొదటి రెండు నెలలు అమ్మ కోసం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒక మనిషి తల దించడం కోసం నేర్చుకున్నాను. కోపంతో కూర్చుంటే చదువు ఎంత గబగబా వస్తుందో చెప్పలేను.

మాది ధర్మపురి వైపు, తమిళ సీమలో, కంబైనల్లూరు దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో చదివిందీ తమిళమే. మా పూర్వీకులు ఎన్ని తరాల కిందట ఈ పక్కకు వచ్చారో మాకు తెలియదు. మాటలు జాగ్రత్తగా తెచ్చుకున్నారు గాని అక్షరాలు దారిలో ఎక్కడో వదిలేసి వచ్చారు. మా కూలివాళ్ళ వీధిలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఊరు మొత్తం మీద అది వచ్చిన ఇల్లు ఒక్కటే, పెద్దిల్లు. వాళ్ళూ తెలుగువాళ్ళే. మా అమ్మమ్మ, అమ్మ వాళ్ళ చేలల్లోనే రాగి నాట్లు వేశారు. ఆ ఇంటి కొడుకు కాలేజీలో పాఠాలు చెప్పే సారు.

కొన్నేళ్ళ కిందట ఆ సారు జర్మనీ నుంచి వచ్చిన ఒకామెను మా వీధికి తీసుకొచ్చాడు. రెండు దేశాలవాళ్ళు కలిసి, మరుగున పడిపోతున్న పాటలను భద్రం చేస్తున్నారని చెప్పాడు. మా ఊళ్ళో నాట్ల పాటలు మిగిలింది అమ్మ దగ్గరే. అమ్మ నాట్లలో ముందు వరస మనిషి. ముందు వరస మనిషి పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. ఆమె పాటను బట్టే పని నడుస్తుంది. చేతిలో నారు అయిపోయేసరికి చరణం అయిపోవాలి, అప్పుడు అందరూ నడుము ఎత్తి ఊపిరి తీసుకుంటారు. అమ్మ గొప్పతనమంతా అదే. ఆమె వెనక పనిచేసినవాళ్ళకు నడుము నొప్పి తక్కువని చెప్పుకునేవారు.

మొదటి రోజు పెద్దింటి వసారాలో చాప వేసి, అమ్మ ముందర మైకు పెట్టారు. ఒక్క పాట రాలేదు. అమ్మ సిగ్గుపడి నవ్వింది, నీళ్ళు తాగింది, మళ్ళీ నవ్వింది. చివరికి సారుతో చెప్పింది.

"నా చేతికి నారు ఇయ్యమనండి సామీ. చేతులు ఊరికే వుంటే నోరు రాదు."

మర్నాటి నుంచి చేలోనే. జర్మనీ ఆమె ప్యాంటు మడిచి బురదలోకి దిగింది. నారు తలకిందులుగా నాటి అందరి చేతా తిట్లు తిని, అవి తిట్లని తెలియక తలూపింది. పది రోజులు అమ్మ వెనకే వంగి నడిచింది. సారు మాత్రం గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు, వాళ్ళ నాయనమ్మ ఒకప్పుడు నిలబడ్డ చోటే. ఆ ముసలామె ఆకువక్క నములుతూ, ఎవరు ఎన్నిసార్లు నడుము ఎత్తారో చూస్తూ నిలబడేదట. పెద్దింటి ఆడవాళ్ళు చేలో గొంతెత్తితే పరువు తక్కువ. ఆమె ఒక్క చరణం పాడగా అమ్మ ఎన్నడూ వినలేదు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. ఎడమ పేజీ జర్మన్, కుడి పేజీ తెలుగు. మా వీధిలో రెండూ ఎవరికీ చదవడం రాదు. సారే స్వయంగా వచ్చి, అమ్మకు శాలువా కప్పి, పుస్తకం చేతికిచ్చాడు. అమ్మ ఆయన కాళ్ళకు మొక్కింది. ఆ దృశ్యం ఇప్పుడు తలుచుకున్నా నా వేళ్ళు బిగుసుకుంటాయి.

పుస్తకం నడిమధ్యన అమ్మ ఫొటో ఉంది. చేలో వంగి, తల కొంచెం పైకెత్తి, నోరు తెరిచి పాడుతోంది. దాని కింద తెలుగులో ఒక వరస రాసి ఉంది. ఎదుటి పేజీలో జర్మన్ మాటల మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ పేరు కనిపించింది, దాన్ని నేనే వేలు పెట్టి చూపించాను. అటువైపు పేరు ఉంటే ఇటువైపూ ఉంటుందని అందరం అనుకున్నాం. మా తెలివి అంతవరకే పోయింది. పుస్తకాన్ని దేవుడి పటాల పక్కన పెట్టి, పసుపు కుంకుమ పూసి, కనకాంబరాల దండ వేశాం. ప్రతి శుక్రవారం అమ్మ దానికి దీపం పెట్టేది. ఎవరు వచ్చినా ఆ పేజీ తీసి చూపించేది.

"ఇదో, ఇది నేను. కింద నా పేరు రాసినారు. ఆ దేశమోళ్ళు గూడా చదువుతారంట."

మూడేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు అమ్మ నన్ను అడిగింది. "ఆ పేరు ఒకసారి ఎవరైనా చదివితే వినల్లని వుంది పాపా." అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు దాటాయి, అడిగిన కోరిక అదొక్కటే. నేను ధర్మపురి బస్టాండు దగ్గర చిన్న టైలరు షాపు నడుపుతాను. కుప్పం నుంచి బదిలీ అయి వచ్చిన ఒక బ్యాంకాయన భార్య నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. ఆమెను బతిమాలి, కొలతల నోటుబుక్కు వెనక పేజీల్లో అ ఆ లు రాయించుకున్నాను. కాజాలు కుడుతూ ఒత్తులు నేర్చుకున్నాను.

ఆడి నెలలో, అంటే జూలై చివర, ఒక మధ్యాహ్నం, అమ్మ పనికి పోయినప్పుడు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ వరస కూడబలుక్కున్నాను. నేను తెలుగులో చదివిన మొదటి వాక్యం ఇది: 'గట్టు మీద నిలబడి మా నాయనమ్మ పాడిన పాటలను వింటూ నాట్లు వేస్తున్న కూలి మనిషి.'

తప్పుగా చదివానేమోనని మళ్ళీ చదివాను. మళ్ళీ. అక్షరం మారలేదు. నోరు తెరిచి పాడుతున్న మనిషి ఫొటో కింద 'వింటూ' అని రాయడానికి ఎంత ధైర్యం ఉండాలి. మాకు చదవడం రాదనే ధైర్యం. తిరగేస్తే సారు రాసిన ముందుమాటలోనూ అదే కథ. ఈ పాటలన్నీ తమ ఇంటి ఆస్తి అట, నాయనమ్మ నుంచి తనకు వచ్చాయట, ఆమె పాడుతుంటే విని కూలివాళ్ళు నేర్చుకున్నారట. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆమె అమ్మ పేరు సరిగ్గా రాసుకుంది. మా పక్క పేజీలో ఆ పేరు ఊడ్చేసింది మా భాషవాడే, మా భాషలోనే.

సాయంత్రం అమ్మ వచ్చి అడిగింది, చదవడం వచ్చిందా అని. ఇంకా ఒత్తులు రాలేదని చెప్పాను.

జర్మనీ ఆమె చిరునామా పుస్తకం చివర ఉంది. ఒక ఉత్తరం రాయించి ఉంటే పని అయిపోయేది. అది నాకు చాలలేదు. ఉత్తరం పోతే వాళ్ళు వాళ్ళు మాట్లాడుకుంటారు, ఆయన చాటుగా క్షమాపణ చెప్పుకుంటాడు, బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ పెద్దమనిషే. అమ్మ అందరి ముందూ ఆయన కాళ్ళకు మొక్కింది గనుక ఆయన తల కూడా అందరి ముందే దిగాలి. పంగుని నెలలో, అంటే మార్చి చివర, జర్మనీవాళ్ళు మళ్ళీ వస్తారని, ధర్మపురిలో పెద్ద సభ జరుగుతుందని, ఆయనకు సన్మానమని తెలిసింది. ఆగాను. ఎనిమిది నెలలు పళ్ళ బిగువున ఆగాను. ఆ సభకు కట్టుకోవడానికి ఆయన భార్య పట్టు జాకెట్టు నా దగ్గరే కుట్టించుకుంది. చంక దగ్గర అర అంగుళం తగ్గిద్దామని చెయ్యి దురద పెట్టింది. తగ్గించలేదు. అంత బాగా నేను ఎవరికీ కుట్టలేదు. జాకెట్టు ఇస్తూ, నేను తెలుగు నేర్చుకున్నానని, సభలో పుస్తకంలోంచి ఒక ముక్క చదవాలని ఆశగా ఉందని ఆమెతో సారుకు చెప్పించాను.

ఆయన ఎగిరి గంతేశాడు. కూలి మనిషి కూతురు తన పుస్తకం చూసి అక్షరాలు దిద్దుకుందంటే సభలో ఎంత బాగుంటుంది.

సభ పగటిపూట, నిండుగా జనం. మూడో వరసలో అమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఇంటి నుంచి పుస్తకం తనే తెచ్చింది, దండ మాత్రం తీసింది. సారు మాట్లాడాడు. రెండు దేశాల స్నేహం, ఒకరి సంస్కృతిని ఒకరు గౌరవించడం, మట్టిలోంచి వచ్చిన పాటను ప్రపంచానికి వినిపించడం. నోట్లో వెన్న కరిగినట్టు మాట్లాడాడు. ఆ తర్వాత నన్ను పిలిచి, తన చేత్తోనే మైకు అందించి, చదవాల్సిన పేజీలో చీటీ పెట్టి మరీ ఇచ్చాడు.

నేను చీటీ తీసేసి ఫొటో పేజీ తిప్పాను. ఫొటోను సభకు చూపించాను. కింద ఉన్న వరసను ఒక్కో మాటా ఆగి ఆగి చదివి, తమిళంలో కూడా చెప్పాను. తర్వాత సారు వైపు తిరిగి అడిగాను.

"మీ అవ్వ ఏ పాట పాడినాది సామీ? ఒక చరణం చెప్పండి, అందుకుంటాం. మా అమ్మ ఆడనే వుండాది."

జర్మనీ ఆమె పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి ఆమె చెవిలో అంతా ఇంగ్లీషులో చెప్పింది. ఆమె ముఖం ఎర్రబడింది. లేచి, తన పుస్తకంలో ఎడమ పేజీ తీసి, అమ్మ పేరు పైకి చదివింది. ఇక్కడ తను రాసిన పేరు అక్కడ ఎందుకు లేదని ఆయన్నే అడిగింది. ఆయన అచ్చుతప్పు అన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఆయన తల దించాడు. నేను తనివితీరా చూశాను. దాచుకోను, నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. సన్మానం శాలువా బల్ల మీదే మిగిలిపోయింది. జర్మనీ ఆమె కిందికి వచ్చి అమ్మకు రెండు చేతులూ జోడించింది, పుస్తకం మళ్ళీ అచ్చు వేయిస్తానని మాట ఇచ్చింది. అమ్మ కూడా చేతులు జోడించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సగం దారి అయ్యాక అడిగింది.

"నీకు ఇది ఎప్పుడు తెలిసె?"

"ఆడి నెలలో మా."

వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "ఆడి నుంచి పంగుని దాకా. అన్ని శుక్రవారాలు నేను దానికి దీపం పెడతా వుంటే, నువ్వు పక్కన నిలబడి చూస్తా వుంటివి."

"వాణ్ణి నలుగురి ముందర నిలబెట్టల్లని మా. నీ కోసరమే."

"ఆయన్ని నిలబెడితివి. ఆయనతో పాటు నన్నూ నిలబెడితివి. ఇంట్లో చెప్పింటే ఇంట్లోనే ఏడ్చుకొని వుందును."

ఆ సభలో అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయనుకున్నాను. నేను 'కూలి మనిషి' అని మైకులో చదివినప్పుడు మూడో వరస వైపు ఎంతమంది తిరిగి చూశారో నేను గమనించలేదు. అమ్మ గమనించింది.

ఆయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఎదురుపడితే ఆయనే పక్కకు తప్పుకుంటాడు, అది చూసి నాకు హాయిగానే ఉంటుంది. కొత్త పుస్తకం ఈ ఏడు వచ్చింది. ఫొటో కింద అమ్మ పేరు, ఊరు, నాట్లలో ముందు వరస మనిషి అని, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చదివి వినిపిస్తానని పక్కన కూర్చున్నాను. అమ్మ పుస్తకం మూసి చేతిలోకి తీసుకుంది.

"నువ్వు వద్దులే పాపా. తెలుగు చదివేవాళ్ళు ఎవరైనా వస్తే చదివించుకుంటా."

ఇప్పటికి నాలుగు నెలలైంది. ఇంకా ఎవరూ రాలేదు.