పక్కింటి ట్యాంకు వెనక చంద్రుడు

మా లెక్కల సార్ పోయారని ఈ నెల మొదట్లో మంచిర్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మా తగువు ఇంకా తెగనే లేదు. ఒక్కసారైనా "సరిగ్గున్నది" అనకుండా వెళ్ళిపోయారు, చూడండి!

నేను ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఊరు పేరు ఇస్తే అక్కడ ఏ చుక్క ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటుందో చెబుతుంది. బడిలో నాకు కోణాలు నేర్పింది తనే కాబట్టి దాన్ని పరీక్షించే హక్కూ తనదేనని సార్ తీర్మానించుకున్నారు. సరిగ్గా నేను మీటింగులో ఉన్నప్పుడే ఫోన్ చేసేవారు.

"బిడ్డా, నీ చంద్రుడు తప్పు. రోహిణి చుక్కను కప్పుతడన్నవు, పక్కపొంటి పోయిండు. వాడకట్టోళ్లందర్ని డాబా ఎక్కిచ్చిన. ఇజ్జత్ పోయింది."

చంద్రుడు మనకు దగ్గర. ఎక్కడి నుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి చుక్కల మధ్య అతని చోటు కొంచెం మారుతుంది. నేను బద్ధకించి, భూమి కేంద్రం నుంచి చూసినట్టు లెక్క వేసి వదిలేశాను. కొద్ది తేడానే కదా సార్ అన్నాను.

"నువ్వు భూమి నడిమిట్ల కూసున్నవా? నేనైతే మా డాబా మీద నిలవడ్డ."

తిట్టుకుంటూ లెక్కంతా ఆయన డాబాకు మార్చాను. మెచ్చుకున్నారా? లేదు. మళ్ళీ ఫోన్.

"చంద్రుడు ఎక్కిండన్నవు. ఏడి?"

"మొగులు పట్టిందేమో సార్."

"మొగులు లేదు గిగులు లేదు. పక్కింటోళ్ల నీళ్ల ట్యాంకు అడ్డమున్నది. అది సుత లెక్కల వెయ్యి."

"దునియాల ఉన్న ట్యాంకులన్నీ నేనేడ వెయ్యాలె సార్?"

"దునియా సంగతి నాకెందుకు? గిదొక్కటి వెయ్యి."

వేయనన్నాను. ఇక ఎప్పుడు ఫోన్ చేసినా ట్యాంకే. జ్వరంలో ట్యాంకు, ఆసుపత్రి మంచం మీదా ట్యాంకు. ఇంతగా ప్రాణం తీసిన మనిషి నాకు మరొకరు లేరు. నా పని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళూ లేరు.

దినాల నాడు సాయంత్రం సార్ వాళ్ళ డాబా ఎక్కాను. ఫోన్‌లో చంద్రుడు వచ్చేశాడు. ఎదురుగా నల్ల ట్యాంకు. సార్ భార్య టీ తెచ్చి ఇచ్చింది.

"జర ఆగు బిడ్డా, వస్తడు. ఆయన గిట్లనే నిలవడి చూస్తుండె."

ఆగాను. టీ అయిపోయాక ట్యాంకు మూత పక్క నుంచి వచ్చాడు.

ఇంటికొచ్చి ట్యాంకు వేశాను. ఇంత ప్రపంచంలో, నా సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క డాబాకే పక్కింటి ట్యాంకు ఉంది. అక్కడ చంద్రుడు కాస్త ఆలస్యంగా వస్తాడు. నిన్న సరిగ్గా ఆ వేళకు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తప్పని ఎవరూ అనలేదు.