యాకోబు సర్దార్ చాచిన చెయ్యి

మా యాకోబు సర్దార్ ఇక లేడన్న వార్త మొన్న పొద్దటి షిఫ్టుకు బయలుదేరుతుండగా విన్నాను. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకునే గడపలో కూలబడ్డాను. పెద్దపేగు క్యాన్సర్ ఆయనను బతకనివ్వదని రెండేళ్లుగా తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఒప్పుకుంటుందా?

గోదావరిఖని భూగర్భ గనిలో మా భద్రత చూసే సర్దార్ ఆయన; పన్నెండేళ్లు ఆయన కింద పనిచేశాను. మమ్మల్ని లోపలికి పంపే ముందు కర్రతో పైకప్పును తట్టి, ఆ ధ్వనిని ఆలకించి, ప్రమాదం లేదని తేల్చుకున్నాకే దారి ఇచ్చేవాడు. తొందరపెట్టిన అధికారిని సైతం నిలువరించిన ధీరోదాత్తుడు. "బొగ్గు రేపు గూడ ఉంటది సార్, మనిషి ఉండడు" అనేవాడు.

అంతటి జాగరూకుడు తన దేహం విషయంలో మోసపోయాడు. క్యాన్సర్ గోళీలు మొదలైన కొన్ని వారాలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, భగభగ మండి, నల్లబారి, పొరలు పొరలుగా ఊడసాగాయి. ముప్పై ఏళ్లుగా చర్మంలో ఇంకిన బొగ్గును మందు బయటికి నెడుతోందని ఆయన సంబరపడ్డాడు! డ్యూటీ దిగాక చేసినట్టే ఇటుక ముక్కతో రోజూ రుద్దుకున్నాడు. పక్కనే కూర్చుని ఇంకా రుద్దమన్నది నేనే. నాకేం పోయేకాలం వచ్చిందో! పొక్కులు పగిలి నెత్తురు కారింది, అడుగు కింద పెట్టలేకపోయాడు. హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. అది గోళీల వల్ల వచ్చిందేననీ, ఎవరికీ అంటదనీ, ఎర్రబడిన నాడే వచ్చి చెప్పాల్సిందనీ అంది. కొన్నాళ్లు గోళీలు ఆపి, మోతాదు తగ్గించి మళ్లీ ఇచ్చింది. పుండ్లు మానాయి గానీ పొరలు ఊడడం ఆగలేదు.

వాడకట్టు నోరు కూడా ఆగలేదు. అంటురోగమన్నారు. చర్చిలో ఆరాధన ముగిశాక అందరూ చేతులు కలిపి వందనాలు చెప్పుకుంటారు. ఆయన ఎదురయ్యేసరికి చేతులు వీపు వెనక్కి పోయేవి. ఛీ! ఒకప్పుడు గనిలో పైకప్పు కూలిన నాడు ఆయన చెయ్యి పట్టుకుని బయటపడ్డవాళ్లూ అందులో ఉన్నారు. ఆయన మాత్రం తల దించలేదు. గుమ్మం దగ్గర నిలబడి, పొరలూడే అరచెయ్యి చాచి ఒక్కొక్కరినీ ఆపేవాడు.

"ఇది మందు చేసిన పని, అంటేది గాదు. చెయ్యి ఇయ్యి. ఇచ్చేదాంక గిక్కడ్నే ఉంట."

కొందరు సిగ్గుపడి ఇచ్చారు. కొందరు పక్క తలుపు వెతుక్కున్నారు.

తన పొరపాటును ఆయన దాచుకోలేదు. ఆ మందు వాడేవాళ్లు ఫలానా చోట ఉన్నారని తెలిస్తే చాలు, కుంటుకుంటూ వెళ్లి చేతులు చూపించేవాడు. "నా లెక్క బొగ్గనుకొని రుద్దకుండ్రి. ఎర్రగైతె జల్ది డాక్టరుకు చెప్పుండ్రి" అని బతిమాలేవాడు.

నిన్న ఆ పార్థివదేహం ముందు కూడా అదే గొడవ. చూసేవాళ్లు జడుస్తారని చర్చి సంఘ పెద్ద ఒకాయన చేతులకు తొడుగులు తెచ్చాడు. నా ఒళ్లు మండి లేవబోయాను. అంతలో ఆయన భార్య ఎస్తేరు వదిన భర్త చేతుల మీది దుప్పటి లాగేసింది. కంట తడి లేదు.

"గీ చేతులతోనే మమ్మల్ని సాదిండు. దాయనియ్య. వందనాలు చెప్పేటోళ్లు చెయ్యి పట్టుకొని చెప్పుండ్రి, లేకుంటె పోండ్రి."

తొడుగులు తెచ్చిన పెద్దమనిషి కదల్లేదు. జనం ఆయనను దాటుకుని ముందుకు వచ్చారు.

అటువంటి మహామనిషి మా గనులకు మళ్లీ దొరకడు. నా వంతు రాగానే ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాను. వెనక వరుస రోడ్డు దాకా పోయింది, జల్ది జరగమన్నారు. నేను జరగలేదు.