మా వీధికి మోకాళ్ళు తెచ్చిన మావయ్య

కలకత్తా దగ్గరి మా రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా పేటలో మా పుట్టింటి పక్కన ఉండే మావయ్య పోయాడని పోయిన మంగళవారం పొద్దున్న పాలు పోసే అతను చెప్పాడు. పాలగిన్నె పట్టుకుని ప్రేమ్ బజార్‌లో మా ఇంటి గుమ్మంలోనే కూలబడిపోయాను. ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, వెనకే నవ్వూ వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కమోడ్ గుర్తొస్తుంది, తరవాతే మనిషి. పోయిన పెద్దమనిషి గురించి రాస్తూ ఇదేం మాటని మీరు ముక్కు మీద వేలేసుకుంటే వేసుకోండి. ఆ మాట లేకుండా ఆయన కథ చెప్పడం నా వల్ల కాదు.

మావయ్య రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. రైలు డబ్బాల మీద నంబర్లు, స్టేషన్ల పేర్ల బోర్డులు ఆయన చేతి రాతే. సాయంత్రం డ్యూటీ దిగగానే గోల్‌బజార్‌లో టీ కొట్టు దగ్గర పేపరు పైకి చదివి, అందులో లేనివి కూడా కలిపి చెప్పేవాడు. ఒకసారి నమ్మాడంటే ఇక అంతే. "రైలు కదిలినాక ఎక్కనోడిదే తప్పు" అని ఒక మాట ఉండేది ఆయనకి. ఆయన ఎక్కిన రైళ్ళు ఎక్కడికి పోయేవో మాత్రం అడక్కూడదు.

ఎనభై ఏడులో ప్రపంచ కప్పు క్రికెట్టు ఆఖరి ఆట కలకత్తాలో పెట్టారు. అలాంటి పెద్ద ఆటల వల్ల ఊరికి లాభమా కాదా అని టీ కొట్టు దగ్గర రోజూ రభసే. వర్క్‌షాపులోనే పనిచేసే ఒక బెంగాలీ పెద్దాయన్ని అందరూ దాదా అనేవారు, ఆయనేమో ఒరిగేదేమీ ఉండదనేవాడు. "దొరలు వెళ్ళే రోడ్డుకి సున్నం కొడతారు. ఆ సున్నం ఖర్చు మిగతా రోడ్ల లెక్కలో రాస్తారు" అని ఆయన వాదన.

మావయ్య ఒప్పుకుంటేనా! "నీకు దూరపు సూపు నేదు దాదా. అన్ని దేశాల జనం దిగితే కలకత్తా హోటళ్ళు సాల్తాయేటి? సాలవు. మిగిలినోళ్ళు రైలెక్కుతారు. ఎక్కినోడు ప్రపంచంలోకెల్లా పొడుగైన మన ప్లాట్‌ఫారం సూడకుండా ఎల్తాడేటి? దిగుతాడు. దిగినోడికి పడక కావాల. అది మా ఇంట్లో ఉంటాది."

ఇంతవరకూ మాటలే అయితే ఫరవాలేదు. పెరటి గదికి సున్నం వేయించి, దాని వెనకాల దొరల కోసం కమోడ్ కట్టించాడు. తాల్‌బగీచాలో మేమెరిగిన ఇళ్ళలో అదే మొదటిది. వీధి దానికి కుర్చీదొడ్డి అని పేరు పెట్టింది. వంటింటి కప్పు బాగుచేయించమని ఏళ్ళ తరబడి అడుగుతున్న అత్తయ్య శివాలెత్తిపోయింది.

"ఆలూ నేదు సూలూ నేదు, కొడుకు పేరు సోమలింగమంట! నా నెత్తిమీద వాన కురస్తంటే దొరకి కుర్సీ కడతావా?"

"కప్పు కారితే మనం ఓర్సుకోగలమే. దొరలు గొంతుక్కూర్సోనేరు. కూర్సోనేక తిరుగు రైలెక్కేస్తే ఊరి పరువేటవుతాది?"

తలుపు మీద స్టేషను బోర్డులాగే పసుపు పూసి, నల్లటి అక్షరాలతో హిందీ, బెంగాలీ, ఇంగ్లీషుల్లో స్వాగతం అని రాశాడు. కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా వేశాడు. అదెందుకు మావయ్యా అంటే, "బోర్డంటే అదుండాల" అన్నాడు. ఆనక తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి కూడా ప్రవేశం లేదు.

అదే ఏడు మావయ్య వాళ్ళమ్మ నూతి గట్టు దగ్గర జారిపడింది. వీధంతా ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం. ఇచ్ఛాపురం మనిషి, తెలుగెంతో ఒడియా అంత. పడ్డప్పటి నుంచి మోకాళ్ళు రెండూ పనిచేయడం మానేశాయి. విచిత్రం, అప్పటినుంచే ఆవిడకి భక్తి కూడా పెరిగిపోయింది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, ఏకాదశి సరేసరి, మిగతా రోజులు కొడుకు ప్రమోషనుకి, ఇలా అన్నీ ఉపవాసాలే. నీళ్ళయినా గుక్కెడు మించి తాగేది కాదు. బుగ్గలు లోపలికి పోయాయి, మాట సన్నబడింది.

"మీ అమ్మ ఎండిపోతన్నాది, సూసుకో" అని అత్తయ్య మొత్తుకుంటే, "అది భక్తే, నీకు తెల్దు" అని మావయ్య మురిసిపోయేవాడు. ఈ చలికాలం దాటదేమోనని మా అమ్మ మాత్రం చాటున కళ్ళొత్తుకునేది.

ఈలోగా మన జట్టు చివరి ఆట దాకా రాకుండానే ఓడిపోయింది. టీ కొట్టు దగ్గర అందరూ తల పట్టుకుని కూర్చుంటే, మావయ్య ఒక్కడే గ్లాసెత్తి, "ఇంకా మంచిది! ఇప్పుడు రెండు పక్కలా దొరలే. రెండింతలు జనం!" అన్నాడు. ఆ రోజు ఆయన దెబ్బలు తినకుండా ఇంటికొచ్చాడంటే అది మామ్మ ఉపవాసాల పుణ్యమే.

ఆట రోజున ప్లాట్‌ఫారం మీద స్వాగతం బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. కాలేజీలో ఇంగ్లీషు చదువుతున్నానని నన్నూ లాక్కుపోయాడు. ఒక్క దొర దిగలేదు. మర్నాడు కూడా వెళ్ళాం. పూరీ వెళ్ళే బండిలోంచి ఒకాయన దిగాడు. ఎర్రటి మనిషి, గడ్డం, భుజాన గుడ్డసంచి. టీ వెతుక్కుంటూ మా ప్లాట్‌ఫారం మీద ఎంత దూరం పోయాడో గాని, తిరిగొచ్చేలోగా బండి కదిలిపోయింది.

"సూసినావా! ప్లాట్‌ఫారమే పట్టిచ్చింది!" అని మావయ్య ఒక్క పరుగున వెళ్ళి ఆయన సంచి లాక్కున్నాడు.

నేను ఉన్న ఇంగ్లీషంతా కూడదీసుకుని, ఆట ఎలా ఉందని అడిగాను. ఏ ఆట, అన్నాడాయన. జర్మనీ మనిషి. క్రికెట్టంటే ఏమిటో తెలియదు. గుళ్ళ మీది బొమ్మల గురించి చదువుకుంటూ పూరీలో ఏళ్ళ తరబడి ఉంటున్నాడట. మావయ్యకి నేనిదంతా చెప్పినా చెవికెక్కలేదు. దొర దొరే.

ఇంటికొచ్చాక ఆ దొర, కుర్చీ వేస్తే కూర్చోకుండా చెప్పులు విడిచి మామ్మ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "మాఉసీ, పఖాళ ఉందా?" అని ఒడియాలో అడిగాడు. మాఉసీ అంటే పిన్ని, పఖాళ అంటే మన చద్దన్నం. అత్తయ్య నంజుకోవడానికి ఉల్లిపాయ పెట్టి ఇస్తే గిన్నె వంచుకుని తాగేశాడు. మావయ్య మొహం చూడాలి ఆ క్షణంలో! అయినా ఆశ చావక, మొలతాడుకున్న తాళంచెవి తీసి, తాళం తెరిచి, ఆ గది చూపించాడు. దొర లోపలికి తొంగి చూసి దణ్ణం పెట్టి, అలవాటు తప్పిపోయింది బాబూ అని చెంబు అడిగి పుచ్చుకుని మామూలు దొడ్డికి వెళ్ళిపోయాడు.

మామ్మ నవ్వింది. పడ్డ తరవాత ఆవిడ నవ్వడం అదే మొదలు. తిరిగొచ్చిన దొర, నువ్వూ కొంచెం తిను మాఉసీ, అన్నాడు. ఊరూ పేరూ తెలియని మనిషనేమో, కొడుక్కి ఎన్నడూ చెప్పని మాట ఆయనకి చెప్పేసింది. "తింటే వెళ్ళాలి నాయనా. వెళితే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను. కోడలు నన్ను మొయ్యాలి. అందుకే దేవుళ్ళ పేరు చెప్పుకుని కడుపు మాడ్చుకుంటున్నాను." ఒడియాలో అన్న ఆ మాటలు గుమ్మంలో నిలబడ్డ మావయ్యకి ముక్కముక్కా అర్థమయ్యాయి.

ఆయన లోపలికి వచ్చి, మామ్మ అరచేతిలో ఆ తాళంచెవి పెట్టాడు.

"అమ్మా, నీల్లు తాగు."

"సీ, దొరలది నాకెందుకురా?"

"దొర ఒద్దన్నాడు కదే. ఊరికే పాడైపోద్ది."

ఆ సాయంత్రం మామ్మ కుర్చీదొడ్డిలోంచి గోడ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా తనంతట తనే బయటికొచ్చింది. "కోర్టులో జడ్జీలాగ కూర్సోబెట్టినావు కదరా!" అని చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తరవాత మామ్మ కోడలితో హాయిగా పోట్లాడుకుంటూ చాలా కాలమే బతికింది. దేవుళ్ళందరూ ఒక్క ఏకాదశితో సరిపెట్టుకున్నారు.

మోకాళ్ళ నొప్పులు ఒక్క మామ్మకేనా? ముందుగా ఎదురింటి బెంగాలీ ఆవిడ, వీధందరికీ దీదిమా, అంటే అమ్మమ్మ, వచ్చింది. తరవాత వెనక వీధి ముసలమ్మలు కర్రలు పట్టుకుని బయల్దేరారు. మావయ్య తలుపు మీద నాలుగో వరసలో తెలుగులో "దయచేయండి" అని రాశాడు. వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగి "ఖాలి ఆఛే?" అని అడిగేవాళ్ళు. అరుగు మీంచి ఆయన, ఖాళీగా ఉంటే "లైన్ క్లియర్!" అని, లేకపోతే "సిగ్నల్ నేదు, ఆగండి!" అని వీధంతా వినబడేలా కేకేసేవాడు. అత్తయ్యకి తల కొట్టేసినట్టుండేది. "ఇంటి పరువు తీస్తన్నావు, ఆ కేకలు ఆపు" అని చివరిదాకా తిడుతూనే ఉంది.

పెద్ద ఆటల వల్ల ఊరికి లాభమా అన్న రభస మళ్ళీ ఎప్పుడొచ్చినా ఆయనది ఒకటే మాట. "కలకత్తాకి ఏటొరిగిందో నాకు తెల్దు. మా ఈదికి మాత్రం మోకాల్లొచ్చినాయి."

మొన్న పరామర్శకి వచ్చినవాళ్ళు, తల్లి కోసం ఆ రోజుల్లోనే అంత ఏర్పాటు చేసిన కొడుకని మెచ్చుకుంటున్నారు. అత్తయ్య ముక్కు చీదుకుంటూ, "తల్లి కోసమా, నా బొంద! దొరలొస్తారనే కట్టినాడు. మొన్నటిదాకా ఎదురుసూసినాడు" అంది. అందరూ నివ్వెరపోయారు. నాకు మాత్రం ఆవిణ్ణి పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఆయన్ని ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా సాగనంపిన మాట అదొక్కటే. రాని దొరల కోసం తలుపు పెట్టించిన ఆ పిచ్చి మనిషికి మా వీధి ముసలమ్మలందరి తరఫునా నేను రుణపడి ఉన్నాను.

సాయంత్రం జనం వెళ్ళాక అత్తయ్యా నేనూ అరుగు మీద కూర్చున్నాం. అప్పుడే వాన వెలిసింది గాని, వంటింట్లో కప్పు ఇంకా కారి గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. దీదిమా కర్ర పొడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. తొంభై దాటాయి, నడుం బాగా వంగిపోయింది, మతి కూడా కొంచెం తప్పుతోంది. అలవాటు కొద్దీ, "ఓ బాబా, ఖాలి ఆఛే?" అని కేకేసింది.

దీదిమా అక్కడే నిలబడి మళ్ళీ అడిగింది.

అత్తయ్య లేచింది. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా అరిచింది.

"లైన్ క్లియర్, దీదిమా! రండి."

దీదిమా మెల్లగా నడుచుకుంటూ పోయి, రంగు వెలిసిన ఆ పసుపు తలుపుకి కర్ర ఆనించి లోపలికి వెళ్ళింది.